ధిక్కారం, పుస్తకం ప్రకారం

అశోక్‌నగర్ సర్కారు ఉద్యోగాల కోచింగ్ సెంటర్లలో డైరెక్టరు అచ్చువేసిన పుస్తకానికి తిరుగులేదు. అలాంటి ఒక సెంటర్లో తెలుగు చెప్పే విద్యావతికి ఆ సంగతి తెలియక కాదు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన నోరు ఊరుకుంటుందా మరి?

బుధవారం క్లాసులో మంగ లేచి, "కోర్టు ధిక్కారం అంటరు గదా మేడమ్, ఆ మాట ఎక్కడికెల్లి వచ్చింది?" అని అడిగింది. మంగ తల్లి మహబూబ్‌నగర్ వైపు నుంచి వలసొచ్చి, కవాడిగూడలో ఉంటూ ఇళ్ల కట్టుబడి పనులకు పోతుంది. ఈ పిల్ల పరీక్ష రాయడం ఇది మూడోసారి.

'దిక్కు' నుంచి పుట్టిందనీ, పెద్దలు చూపిన దిక్కు కాదని వేరే దిక్కుకు పోవడమనీ పుస్తకంలో ఉంది. విద్యావతికి ఒళ్లు మండింది. "కాదమ్మా. సంస్కృతంలో ధిక్ అంటే ఛీ అని. ఛీకొట్టడమే ధిక్కారం. నీ మాటకు విలువ లేదు పొమ్మని పెద్దవాడి మొహం మీదే చెప్పడం. తిరగబడి కత్తులూ కటార్లూ పట్టడం తర్వాతి సంగతి" అని బోర్డు మీద రాసింది.

పిల్లలు అలవాటుగా బోర్డును ఫోన్లలో ఫోటో తీసుకున్నారు. సాయంత్రానికల్లా ఆ ఫోటో చిక్కడపల్లి హాస్టళ్లన్నీ చుట్టి, 'సార్ పుస్తకం తప్పట' అన్న వ్యాఖ్యతో సహా డైరెక్టరు కిషన్ రావుకు చేరింది.

మర్నాడు ఆయన ఆమెను పిలిపించాడు. కేకలేసినా బాగుండేది.

"జర ఆలోచన చెయ్యండి మేడమ్. పుస్తకం మీద నా పేరున్నది, పిల్లలు నవ్వుతున్నరు. రేపు పుస్తకంల ఉన్నదే బోర్డు మీద రాయండి. మళ్ల ఫోటో తీస్కుంటరు. లేకుంటే వేరే మేడమ్‌ని చూస్కుంటం."

"నిఘంటువు తెచ్చి చూపిస్తానండీ."

"నిఘంటువుతోని నాకేం పని?"

నారాయణగూడలో ఆమె పనిచేసిన కాలేజీ తెలుగు ఎత్తేసి రెండేళ్లయింది. ఈ క్లాసు కూడా పోతే ఆమెను మేడమ్ అని పిలిచేవాళ్లే ఉండరు.

శుక్రవారం కిషన్ రావు వచ్చి క్లాసు తలుపు దగ్గర నిలబడ్డాడు. విద్యావతి పుస్తకంలోది ఉన్నదున్నట్టు బోర్డుకెక్కించింది. ఫోన్లు లేచాయి. మంగ ఒక్కతే ఫోన్ తీయలేదు.

"గట్లయితే మొన్న రాస్కున్నది ఏంది మేడమ్?"

అడుగు తల్లీ, గట్టిగా అడుగు, ఒప్పుకోకు అని విద్యావతి లోలోపల బతిమాలుకుంది. పైకి మాత్రం, "మొన్న నేనే పొరబడ్డాను. కొట్టేయ్" అంది.

మంగ నోట్సు తెరిచింది. స్కేలు పెట్టి, మొన్నటి వాక్యాన్ని నీటుగా కొట్టేసింది.

"సరే మేడమ్," అంది. "మీరే చెప్పినంక ఇంకేమున్నది?"