ఒడిలో పెట్టిన చెయ్యి

పంచదార ఇంకో చెంచా వేయాలేమో, కాఫీ పొట్లంలోనే పాలపొడీ పంచదారా కలిసి ఉంటాయి గానీ సార్జెంట్ గుంబన్‌కి అది చాలదు, చాలకపోతే ఏం అమ్మాయ్, కాఫీలో తీపికి కూడా సాక్ష్యం వెతుక్కోవాలా అంటాడు, రియాలిన్ చెంచా తిప్పుతోంది, చెంచా గ్లాసు అంచుకు తగిలి టకటకమంటోంది, ఆ చప్పుడు పోలీస్ స్టేషనంతా వినబడుతున్నట్టుంది, చెంచా తీసి పక్కన పెట్టేసింది, నుదుటి మీద ఆ చోటు ఇంకా చల్లగానే ఉంది, కనుబొమలకు కొంచెం పైన, నిన్నటి నుంచి ఎన్నిసార్లు సబ్బు పెట్టి రుద్దిందో, ఏప్రిల్ ఎండకు స్టేషన్ గోడలే చెమటలు కక్కుతున్నాయి, ఆ చోటు మాత్రం చెమర్చడం లేదు.

చెక్క అడ్డుగోడకు అవతల సార్జెంట్ జోమర్‌కు పాఠం చెబుతున్నాడు, జోమర్ కాలేజీలో తన తోటివాడు, ఇద్దరిదీ ఒకే క్రిమినాలజీ క్లాసు, ఇద్దరినీ కలిపే శిక్షణ కోసం ఇక్కడికి పంపారు, చూడరా, ఫొటోలో ఏం కనిపిస్తోంది, ముసలావిడ సార్, ముసలావిడని చెప్పడానికి నీకింత చదువెందుకురా, చెయ్యి చూడు చెయ్యి, తల వాలిపోయింది, నోరు తెరుచుకుంది, దిండు నేల మీద పడింది, కాళ్లు ఒకటిటు ఒకటటు, అంతా చిందరవందర, కుడి చెయ్యి మాత్రం ఒడిలో బుద్ధిగా కూర్చుంది, ఎవరో పెట్టినట్టుంది సార్, పెట్టినట్టేంట్రా, పెట్టారు, దొంగ పెట్టడు, వాడికేం పట్టింది, ఆవిడ మీద ప్రేమ ఉన్నవాళ్లే పెట్టారు, దిండుతో ఊపిరాపి, తర్వాత మనసు పీకి, చెయ్యి సర్దారు, ఆ ఇంట్లో ఉండేదెవరు, పనిచేసే నోరిటా సార్, ముందురోజు ఆవిడ మీద వీధంతా వినబడేలా అరిచిందెవరు, నోరిటాయే సార్, మరింకేం, అదిగో రియాలిన్ గీసిన పటం చూడు, కుడి చెయ్యి ఒడిలో అని బాణం గుర్తు కూడా వేసింది, కళ్లంటే అవిరా, నీవి ఉన్నాయి గోలీల్లాగా, జోమర్ అడ్డుగోడ పక్కనుంచి తల పెట్టి ఏంటి డిటెక్టివ్ గారూ, అక్కడ కాఫీ కాస్తున్నారా, కేసు కాస్తున్నారా అన్నాడు, తను నవ్వింది, నవ్వు ఎక్కడ్నుంచి వచ్చిందో, తన నోరు కూడా తన మాట వినడం మానేసిందేమో, నిన్న చెయ్యి విననట్టే.

నిన్న, అవును, నిన్న ఆ ముసలావిడ ఇంటి గేటు దగ్గర నోరిటా నేల మీద కూలబడి ఏడుస్తోంది, బజారు సంచి పక్కకు ఒరిగి వంకాయలు దొర్లాయి, సార్జెంట్ ఆమె దగ్గర ఆగిపోయి నువ్వెళ్లి గుమ్మంలో నిలబడు అమ్మాయ్, ఫొటోలు తీసే మనిషి వచ్చేదాకా ఎవర్నీ లోపలికి పోనీకు అన్నాడు, ఎవర్నీ అంటే తననూ అనే, అది తెలియనిది కాదు, గుమ్మంలో నిలబడింది, గోడ మీద బాలయేసు ముందు ఎర్ర బల్బు వెలుగుతోంది, ఫ్యాను తల అటూ ఇటూ తిప్పుతోంది, ఎదురుగా వెదురు కుర్చీలో పాసింగ్ మామ్మ, గుమ్మం వైపే ముఖం, ఎవరొస్తారా అని కూర్చున్నట్టు, మామ్మలందరూ అలాగే కదా కూర్చునేది, అప్పుడు మెడ వెనక అమ్మ గిల్లింది, అమ్మ అక్కడ లేదు, బజారులో చేపల పొలుసు గీకుతోంది, అయినా గిల్లింది, చిన్నప్పట్నుంచి ఎవరింటి గుమ్మం తొక్కినా గిల్లే గిల్లుడే అది, పెద్దవాళ్లను చూసి గుంజలా నిలబడతావేంటే, చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకో, కాళ్లు వాటంతటవే నడిచాయి, నడుం వంగింది, దీవించండి మామ్మా అంది నోరు, మామ్మ చెయ్యి ఒడిలో లేదు, గుండె మీద ఉంది, రవిక గుడ్డను గుప్పిట పట్టి ఉంది, వేళ్లను కొంచెం విడదీయాల్సి వచ్చింది, అవింకా బిగుసుకోలేదు, నిద్రపోయే మనిషి వేళ్లలాగే వచ్చేశాయి, ఆ చెయ్యిని నుదుటికి ఆనించుకుంది, దేవుడు నిన్ను కాపాడాలి అని ఏ మామ్మయినా అనే మాట కోసం వంగి అలాగే ఆగింది, మాట రాలేదు, అప్పుడు తెలిసింది, తెలియడమేమిటి, చచ్చిపోయిందని కబురందే కదా వచ్చారు, తలకు తెలుసు, నడుముకే తెలియలేదు, ఏ మామ్మ చెయ్యినైనా దించినట్టే మెల్లగా ఒడిలో దించి, వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది, ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు.

కాలేజీలో ఎంత జాగ్రత్తగా ఉండేది, వెనక గదిలో శవానికి బదులు బొమ్మను పడుకోబెట్టి టమాటా సాసు పోస్తే ఊపిరి కూడా దూరంగా వదిలేది, చూడు, రాసుకో, ఫొటో తీయించు, ఆ తర్వాతే ముట్టుకో, నిద్రలో అడిగినా చెప్పేది, కానీ ఆ బొమ్మకు వయసు లేదు, చెయ్యి అందుకోమని దాని ముందు ఎవరూ మెడ గిల్లలేదు, పొరపాటున శవాన్ని కదిలిస్తే ఏం చేయాలి, వెంటనే పైవారికి చెప్పాలి, పరీక్షలో ఎంత తేలికైన ప్రశ్నో, వెంటనే అన్నది నిన్ననే దాటిపోయింది, ఫ్లాష్ మొదటిసారి మెరిసినప్పుడు చెప్పబోయి నోరు తెరిచింది, సార్జెంట్ అటు తిరిగాడు, మూసేసింది, పైగా పటంలో తన పెన్సిలుతోనే బాణం గుర్తు కూడా వేసింది, ఇవాళ చెబితే నిన్నెందుకు దాచావంటారు, సాక్ష్యం తారుమారు చేయడం, మాస్టారు ఎర్ర సుద్దతో గీత గీసి మరీ చెప్పారు, జైలు, కాలేజీ నుంచి తీసేస్తారు, అమ్మ పొలుసులంటిన చేతులతో పరిగెత్తుకొస్తుంది, బజారంతా ఇప్పటికే పోలీసమ్మ తల్లీ ఒక కిలో ఇటెయ్యి అంటున్నారు, రేపు ఏమంటారు, అయినా డాక్టరు చూస్తాడు కదా, గుండె ఆగిందని చెబుతాడు కదా, చెబుతాడా, దుబాయ్ నుంచి మామ్మ కూతురు ఫోన్‌లో మా అమ్మను కోయొద్దు, ముక్కలు చేయొద్దు అని ఏడ్చిందట, కొయ్యకపోతే ఇక మిగిలేది ఫొటో, ఫొటోలో చెయ్యి.

చెల్లీ, మంచినీళ్లు ఉన్నాయా, ఎవరది, నోరిటా, గోడ పక్క బల్ల మీద నోరిటా ఉందన్న సంగతే మరిచిపోయింది, మరిచిపోలేదు, అటు చూడకుండా ఉంది, గ్లాసు ఇచ్చింది, నోరిటా తాగలేదు, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకుంది, మామ్మకి బట్టలు మార్చారా తల్లీ, ఆ రవికకు బొత్తాం ఊగుతోంది, కుట్టాలనుకుంటూనే ఉన్నా, ఎండు చేప కావాలని పేచీ పెట్టింది, ఉప్పు నీకు పడదే ముసలిపిల్లా అన్నా, నువ్వే నా పాలిట డాక్టరువా అంది, నేనూ అరిచా, ఊరంతా విన్నారు, పెట్టాల్సింది తల్లీ, ఒక్క చేప, లోపల పిల్లి గీరుతోందే నోరిటా అనేది, ఇదిగో ఇలా పట్టుకునేది, నోరిటా గుప్పిట రొమ్ము మీద బిగిసింది, గుడ్డ ముడతలు పడింది, సరిగ్గా ఆ చోటే, రియాలిన్ కళ్లు మూసుకుంది, మూసుకున్నా కనబడుతోంది, కానీ సార్ వాళ్లు చెయ్యి ఒడిలో ఉందంటున్నారు కదా, అయితే పిల్లి గీరలేదన్నమాట, నొప్పి లేకుండానే పోయిందన్నమాట, పోనీలే, నన్నేం చేసినా అదొక్కటే నాకు చాలు.

బయట జీపు ఆగింది, జోమర్, ఆమెను లేపరా, చీకటి పడకముందే పట్నంలో ప్రాసిక్యూటర్ ఎదుట కూర్చోబెట్టాలి అంటున్నాడు సార్జెంట్, భయం పోలేదు, ఎర్ర సుద్ద, జైలు, అమ్మ చేతులు, అన్నీ అలాగే ఉన్నాయి, కానీ వాటి మధ్య సార్జెంట్ మాట ఒకటి తేలివచ్చి నిలిచింది, ఆవిడ మీద ప్రేమ ఉన్నవాళ్లే పెట్టారు, సార్ సరిగ్గానే చదివాడు, ఆ చెయ్యి ఎవరో పెట్టిందే, మర్యాద తెలిసినవాళ్లు పెట్టిందే, పెట్టినవాళ్లెవరన్నది ఒక్కటే తప్పు, ఆ మామ్మ నొప్పితో చచ్చిపోయింది, ఆ సంగతి చెప్పడానికి ఆవిడకు మిగిలింది గుండె మీది ఆ గుప్పిట ఒక్కటే, దాన్ని విప్పి దీవెన అని తీసేసుకుంది తను, నిన్నటి నుంచి మోస్తూనే ఉంది, ఒడిలో దించానని అనుకుంది గానీ ఎక్కడ దించింది, నుదుటి మీదే ఉంది కదా ఇంకా, కాఫీ గ్లాసు అక్కడే వదిలేసి అడ్డుగోడ వైపు నడుస్తున్న రియాలిన్‌కు ఒక్కటే తెలుసు, ఆ చెయ్యిని మళ్లీ గుండె మీద పెట్టగలిగిన మనిషి లోకంలో తనొక్కతే.