పరీక్షలకే పుట్టిన బండి

క్లైవ్ లాంటి భర్త దొరకడం లొరేన్ అదృష్టమని ఇంగ్లండ్‌లోని ఆ స్కిప్టన్ ఊళ్లో అందరూ అంటారు. అన్నవాళ్లెవరూ అతనితో కాపురం చేయలేదు. తాగడు, జూదమాడడు, పరస్త్రీ ముఖం చూడడు. ఆ మాటకొస్తే సొంత స్త్రీ ముఖం కూడా పెద్దగా చూడడు. చూసేదంతా గ్యారేజీలో ఉన్న ఎర్ర మోటారుసైకిలునే. చలికాలంలో దానికి కప్పేది లొరేన్‌కు వాళ్లమ్మ ఇచ్చిన ఉన్ని దుప్పటి. లొరేన్‌కు చలేస్తే మాత్రం, ఇంకో స్వెటర్ వేసుకోమని సలహా.

పద్దెనిమిదేళ్ల క్రితం ఆ బండి కొన్నరోజే ఆమెకొక హెల్మెట్ కూడా కొన్నాడు. అది ప్రేమ అనుకుంది లొరేన్. పెళ్లికి ముందు ఎవరిదో బండి అరువు తెచ్చి, ఆమెను వెనక కూర్చోబెట్టుకుని మోర్‌కామ్ తీరానికి తీసుకెళ్లాడు. మళ్లీ అలాగే వెళ్దామన్నాడు. నలభై మైళ్లు. అయితే ముందు, బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో ఏటేటా తేల్చే ఎంఓటీ పరీక్ష గట్టెక్కాలి. గట్టెక్కాక, ఇంత చక్కగా పాసైన బండిని వానలో, సముద్రపు ఉప్పుగాలిలో పాడుచేసుకుంటామా అన్నాడు. మరుసటి ఏడూ అదే మాట. హెల్మెట్ అటక మీద పెట్టెలోనే పద్దెనిమిదేళ్లు నిండి, ఓటు హక్కు సంపాదించింది.

క్లైవ్ లెక్క ప్రకారం బండి పదిహేడుసార్లు పరీక్షకు వెళ్లి పదిహేడుసార్లూ మొదటి దెబ్బకే పాసయింది. ఇంత పాత బండికి అలాంటి రికార్డు ఈ చుట్టుపక్కల లేదని, పుట్టినరోజుల్లోనూ అంత్యక్రియల్లోనూ కూడా చెబుతాడు. ఆఖరి మూడేళ్లూ పాస్ కాగితం అడుగున, వెనక టైరు పక్కల్లో బీటలు వస్తున్నాయని పరీక్ష చేసే సాజిద్ రాశాడు. అది సలహా మాత్రమేనని, సలహా అంటే మెచ్చుకోలులో ఒక రకమని క్లైవ్ వివరించాడు.

ఈ ఏప్రిల్‌లో బండికి నలభై నిండాయి. నలభై నిండిన బండికి ఎంఓటీ అక్కర్లేదు, చట్టమే వదిలేస్తుంది. లొరేన్ ఆ తేదీని క్యాలెండర్‌లో ఎర్రసిరాతో చుట్టింది. సెప్టెంబరులో ఆమెకు తుంటి ఆపరేషన్ ఉంది. ఆ తర్వాత బండి మీదుగా కాలు తిప్పి వేయగలదో లేదో డాక్టరు కచ్చితంగా చెప్పలేదు. అంటే మిగిలింది ఈ ఒక్క వేసవి. అటక మీంచి హెల్మెట్ దింపి, తుడిచి, క్లైవ్ టీ తాగే బల్ల మీదే పెట్టింది.

క్లైవ్ హెల్మెట్ వంక చూసి, సాజిద్‌కు ఫోన్ చేశాడు.

ఎవరూ అడగని పరీక్షకు తనంతట తానే బండి తీసుకెళ్తానన్నాడు. పద్దెనిమిదోసారి పాసైతే ఆ రికార్డుతో గౌరవంగా రిటైరు చేయిస్తాడట. రిటైరవడానికి అది ఏ ఉద్యోగం చేసిందని లొరేన్ అడిగింది. అతనికి వినపడలేదు, తళతళలాడే పొగగొట్టాన్ని మరింత తళతళలాడించే పనిలో ఉన్నాడు.

పరీక్షరోజు సాయంత్రం బండి ఫెయిలై, సాజిద్ వ్యాను వెనక ఎక్కి, పెళ్లిలో అలిగిన మావగారిలా ఇంటికి వచ్చింది. వెనక టైరు పక్కలు పగిలి లోపలి దారాలు కనిపిస్తున్నాయి. వెనక బ్రేకు పట్టుకుని వదలడం లేదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల్లోంచి నూనె కారుతోంది. టైరు మీద గాళ్లు అరగలేదు, కొత్తవాటిలాగే ఉన్నాయి కదా అని క్లైవ్ వాదించాడట. సాజిద్ వాకిట్లో నిలబడి, లొరేన్ ఇచ్చిన టీ అందుకుని చెప్పాడు.

"గాళ్లు కొత్తవే క్లైవ్. టైరుకే పదహారేళ్లు. మీ బండికి రోగమేం లేదు. తిరగక చచ్చిపోతోంది, అంతే."

క్లైవ్ ఆరోజు సాజిద్‌కు బిస్కెట్టు ఇవ్వలేదు. అతని కోపానికి అంతకు మించిన రూపం లేదు.

అసలు దెబ్బ ఆదివారం తగిలింది. ఆదివారాల్లో ఆ చుట్టుపక్కల బండ్లవాళ్లంతా నదీ వంతెన దగ్గర చేరి, బేకన్ పెట్టిన రొట్టెలు తింటూ ఒకరి బండిని ఒకరు తప్పు పడతారు. క్లైవ్ ఏనాడూ మానడు. ఎప్పట్లాగే కారులో వెళ్లాడు. లొరేన్ కూడా వెళ్లింది, ఎందుకో తనకే తెలియనట్టు. బండి నంబరు కొడితే చాలు, దాని పరీక్షల చరిత్రంతా ప్రభుత్వమే ఫోన్‌లో చూపిస్తుంది. ఫెయిలైన కబురు అలా అందరికంటే ముందు అందుకున్నవాడు నెవిల్. తన బండికి ఏడుసార్లు ఫెయిలైన ఘనత ఉంది. ఏటా స్కాట్లండ్ వెళ్లొస్తాడు.

నెవిల్‌కు ఫెయిలవడం మీద ఆసక్తి లేదు. ఒక పరీక్షకూ మరో పరీక్షకూ మధ్య బండి తిరిగిన మైళ్లు లెక్కగట్టి చదవడం మొదలుపెట్టాడు.

"పదకొండు. పదకొండు. పదకొండు. ఇదేంటి క్లైవ్, సాజిద్ షాపు మీ ఇంటికి ఎంత దూరం?"

"ఐదున్నర మైళ్లు," అంది లొరేన్, రొట్టె నములుతూ.

"ఇక్కడొక ఏడు పన్నెండుంది. ఆ ఏడు ఎక్కడికెళ్లారు?"

"రోడ్డు తవ్వారు," అన్నాడు క్లైవ్ నెమ్మదిగా. "చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నెవిల్ ఫోన్ జేబులో పెట్టుకుని, క్లైవ్ చేతిలో రెండో రొట్టె పెట్టాడు, చావు ఇంట్లో పెట్టినట్టు.

ఇంటికి రాగానే క్లైవ్ కోటు విప్పి, చొక్కా చేతులు మడిచాడు. పదిరోజులు గ్యారేజీలోనే ఉన్నాడు. కొత్త టైరు వచ్చింది, ఫోర్కుల్లోంచి నూనె కారడం ఆగింది, బ్రేకు ఊడింది, శుభ్రపడింది, మళ్లీ ఎక్కింది. లొరేన్ స్పానర్లు అందించింది. నేను చెప్పలేదా అని ఒక్కసారీ అనలేదు. ఇంతకన్నా క్రూరమైన శిక్ష ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. దుప్పటిని మాత్రం ఉతికి తన మంచం మీద వేసుకుంది.

మళ్లీ పరీక్షకు వెళ్లేరోజు ఆమె హెల్మెట్ పెట్టుకుని గ్యారేజీ ముందు నిలబడింది. క్లైవ్ సీటు మీద ముందుకు జరిగాడు. ఆమె తుంటి పట్టుకుని, మూడోసారికి కాలు అవతలికి వేసింది. సాజిద్ అన్నీ చూసి పాస్ చేశాడు. కాగితం ఇస్తూ అడుగున సలహాలేమీ రాయలేదని, నోటితో చెప్పాల్సింది చెప్పేశానని అన్నాడు.

షాపు బయట రోడ్డు చీలుతుంది. ఎడమకు ఇల్లు, ఐదున్నర మైళ్లు. కుడికి మోర్‌కామ్. చినుకులు మొదలయ్యాయి. క్లైవ్ బండి ఆపి, తల వంచుకుని ఏదో గొణిగాడు.

"ఇంజను మోతలో ఏం వినపడ్డంలేదు," అంది లొరేన్. నిజానికి ఆమెకు ప్రతి అక్షరం వినపడింది.

క్లైవ్ ఇంజను ఆపాడు. చినుకులు కొత్త టైరు మీద, తళతళలాడే గొట్టం మీద పడుతున్నాయి. తుడవడానికి గుడ్డ తీయలేదు.

"తప్పు నాదే లొరేన్. పద్దెనిమిదేళ్లూ నాదే."