తడి నీడ

తెల్లారగానే కోడలు చేసే మొదటి పని, అత్తను జొన్నచేలోకి తీసుకెళ్లి పీట మీద కూర్చోబెట్టడం. ఆ ముసలామె నీడ తడిగా ఉంటుంది. నీడ పడినంత మేరా మన్ను చల్లబడి, కాసేపటికి వేళ్ల దాకా నానుతుంది. పొద్దునా సాయంత్రం నీడ సాగుతుంది కాబట్టి అప్పుడు పని. మిట్టమధ్యాహ్నం కాళ్ల కిందికి ముడుచుకుంటుంది కాబట్టి అప్పుడు విశ్రాంతి. ఒక చోట తడవగానే కోడలు పీట జరుపుతుంది. పక్క చేలవాళ్లు దారినపోతూ, "మీ అత్త ఎందాకా వచ్చింది?" అని అడిగి వెళ్లిపోతారు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో ఆ ఇంటికి నాలుగు గింజలు దక్కాయంటే ఆ పీట చలవే.

"మా అత్త నాకు నగా నట్రా ఏమీ పెట్టలేదే. పోతూ పోతూ ఈ నీడ ఒక్కటి ఇచ్చి పోయింది," అని ముసలామె నవ్వేది. నవ్వినప్పుడల్లా పెదవులు చిట్లేవి. ఎన్ని నీళ్లు తాగినా ఆమె గొంతు తడిసేది కాదు.

ఈ ఏడు తప్పంతా కొడుకుది. ఆశకొద్దీ విత్తనం ఒత్తుగా వేశాడు. మొలకలు జానెడు లేచినప్పుడే కోడలు మొత్తుకుంది.

"సగం పీకేద్దామయ్యా. ఉన్న తడి అన్నిటికీ చాలదు."

"మొలిచినదాన్ని పీకడానికి చేతులెలా వస్తాయే? అమ్మ ఉందిగా!"

ఆ మాటకు కోడలికి ఒళ్లు మండింది. పైకి మాత్రం ఏమీ అనలేదు. అనాల్సింది.

పైరు పొట్టకొచ్చేసరికి వాన పత్తా లేదు. కంకి బయటపడే ఆ నాలుగు రోజులూ తడి అందకపోతే గింజ పట్టదు. కిక్కిరిసిన మొక్కలు నీడలోని తడిని ఇట్టే పీల్చేసి, మళ్లీ ఆకులు చుట్టుకునేవి. కాళ్ల కిందికి ముడుచుకున్న ఆ కాస్త నీడా వదులుకోలేక, కొడుకు మధ్యాహ్నం కూడా తల్లిని లేవనివ్వలేదు.

"ఇంటికి పోదాం పదత్తా."

"నేను లేస్తే మీరేం తింటారే?" అంది ముసలామె.

ఆ సాయంత్రం కోడలు లేపబోతే, ఆమె చొప్పకట్టంత బరువు కూడా లేదు. ప్రాణం ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. కొడుకు తల బాదుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే ఒకసారి చేను వంక చూశాడు. అది కోడలి కంటపడింది.

అత్తను పాతిపెట్టిన మర్నాడు అలవాటు కొద్దీ కోడలు చేలోకి వెళ్లింది. తడిమట్టి వాసన వేసింది. చూస్తే, తన నీడ పడినచోట నేల నల్లబడుతోంది. గబగబా కాలితో పొడిమట్టి కప్పింది. అదీ తడిసింది.

తలెత్తేసరికి మొగుడు ఎదురుగా ఉన్నాడు. తల్లి పీట తెచ్చి, తువ్వాలుతో దులిపి, ఆమె ముందు పెట్టాడు.

"ముందు సగం మొక్కలు పీకు. ఆ తర్వాతే కూర్చుంటా," అంది.

మొదటి మొక్కను రెండుసార్లు పట్టుకుని వదిలేశాడు. ఆ తర్వాత పొద్దు వాలేదాకా వంచిన నడుం ఎత్తకుండా పీకాడు. అన్న మాట ప్రకారం ఆమె కూర్చుంది. నీడ సాళ్ల మీదికి పొడుగ్గా సాగింది.

"కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టు," అంది.

అతను చెంబు నిండా తెచ్చాడు. ఆమె చుక్క మిగల్చకుండా తాగింది. గొంతు తడవలేదు.