మొదటి ముద్ద

పళ్ళేలు నిండుగా ఉన్నాయి. ఒక్కరూ ముట్టుకోవడం లేదు. హోటలు భోజనాల హాల్లో అతిథులందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని గైడు నోటివంక చూస్తున్నారు.

"ముందు నువ్వు తిను," అంది కళ్ళజోడావిడ.

నిన్నటిదాకా ఇదే మాట ఆవిడ ముచ్చటగా అనేది. ఇవాళ ఆ గొంతులో పోలీసు స్టేషను వినిపించింది. గైడు రొట్టె తుంచి, కూరలో అద్ది, నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది. వాళ్ళు అంతటితో వదల్లేదు. ఆ ముద్ద గొంతు దిగేదాకా చూసి, ఇంకాసేపు ఆగి, మనిషి కింద పడిపోలేదని నమ్మకం కుదిరాక తలా ఓ ముక్క కొరికారు. కొందరు అదీ చేయలేదు. సంచుల్లోంచి బిస్కెట్ పొట్లాలు తీసుకున్నారు.

ఊరూరా తిప్పి తిండి రుచి చూపించే యాత్ర అది. ఒక్కో రోజు ఒక్కో నగరం. పొద్దున కూరగాయల సంత, మధ్యాహ్నం వీధి బండి, సాయంత్రం పెద్ద విందు, మధ్యలో ప్రతి వంటకానికీ ఒక కథ. కథ చెప్పేది గైడు. దానితోపాటు ఆమెకింకో పని కూడా ఉంది. ఎక్కడ ఏది వడ్డించినా అందరూ చూస్తుండగా మొదటి ముద్ద ఆమె తినాలి. 'మా గైడు తిన్నాకే మీకు వడ్డన' అని కంపెనీవాళ్ళు బస్సు మీద నిలువెత్తు అక్షరాలతో రాయించుకున్నారు. డ్రైవరు ఆమెకు ముద్దక్క అని పేరు పెట్టాడు. ఆ పేరే ఖాయమైపోయింది.

కూలి రోజుకు ఆరువందలు. మిగతా సిబ్బందికిచ్చే భోజనం బత్తా ఆమెకు లేదు. "పొద్దస్తమానం తింటూనే ఉంటావు, మళ్ళీ బత్తా ఒకటా?" అని మేనేజరు మొదట్లోనే కొట్టేశాడు. ఇంటి దగ్గర కూతుర్ని చూసుకునే ఆడపడుచుదీ అదే రాగం. "నీకేం వదినా, పెట్టి పుట్టావు. ఊళ్ళు తిరుగుతూ విందులు తింటున్నావు" అంటుంది. రోజుకు పాతిక రకాలు నోట్లో పెట్టుకునే మనిషికి ఏ పూటా ఆకలి వేయదనీ, ఏ పూటా కడుపు నిండదనీ చెబితే ఎవరు నమ్ముతారు? ముద్దక్క చెప్పడం మానేసింది.

అతిథుల్లో ఒక పెద్దాయన, బడిపంతులుగా చేసి రిటైరైనవాడు, నిన్న రాత్రి నుంచి వాంతులతో ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంకో ఇద్దరు పొట్టలు పట్టుకుని గదుల్లో పడుకున్నారు. తెల్లారేసరికి హెడ్డాఫీసు నుంచి మేనేజరు కారులో దిగాడు. వచ్చినవాడు ఎవరినీ ఏమీ అడగలేదు. టీ తాగి, తప్పు ఎవరిదో తేల్చేశాడు. నిన్న మధ్యాహ్నం వంతెన కింద తిన్న రొట్టెల బండిది. ఎక్కడికో ఫోను చేశాడు. కాసేపటికి మున్సిపాలిటీ లారీ వచ్చి బండిని ఎత్తుకుపోయిందని కబురు కూడా వచ్చింది. ఇంత చురుకుగా కంపెనీలో ఏ పనీ జరగడం ముద్దక్క చూడలేదు. అనుమానం అక్కడే మొదలైంది.

టిఫిను కాగానే మేనేజరు ఆమెను మెట్ల పక్కకు పిలిచాడు.

"రాత్రి నీకూ కడుపులో తిప్పిందిగా?"

"లేదు సార్."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"కడుపులో తిప్పితే గుర్తు తెచ్చుకోవాలా సార్? అదే గుర్తుంటుంది."

మేనేజరు నవ్వాడు. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "చూడు. మధ్యాహ్నం ఫుడ్ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. అతిథులందరి ముందూ ఒక్క మాట చెప్పు. బండి దగ్గర తిన్నాక నీకూ వాంతులయ్యాయని. మొదట తిన్నది నువ్వు. నీ మాటకున్న విలువ నా మాటకు ఉండదు."

"ఆ బండి నడిపే ముసలామె సంగతేంటి సార్?"

"ఇంకో సందులో ఇంకో బండి పెట్టుకుంటుంది. మన కంపెనీ మూతపడితే నువ్వేం పెట్టుకుంటావు?" అని, వెళ్ళబోతూ ఆగి, "ఈలోపు ఎవరికీ ఫోన్లు చెయ్యకు" అన్నాడు.

ముద్దక్క ఫోను చెయ్యలేదు. కాళ్ళకు చెప్పులు తొడుక్కుని వంతెన దాకా నడిచింది. నిజం చెప్పాలంటే, బండామె దగ్గర ఏదో ఒక తప్పు దొరికితే బాగుండునని దారి పొడుగునా కోరుకుంటూనే వెళ్ళింది. మురికి నీళ్ళ బకెట్టో, ఈగలు ముసిరిన గుడ్డో కనబడితే చాలు. మేనేజరు మాటే నిజమైపోతుంది, తన నోటికి అబద్ధమాడే పని తప్పుతుంది. సిగ్గుపడాల్సిన కోరికే. కానీ బడికెళ్ళే కూతురి మొహం కళ్ళముందు కదులుతుంటే సిగ్గు ఒక పక్కకు తప్పుకుంటుంది.

బండి ఉండాల్సిన చోట నూనె మరకలు మాత్రమే ఉన్నాయి. ముసలామె ఒక డబ్బా బోర్లించుకుని దానిమీద కూర్చుంది. లారీవాళ్ళు ఎత్తుకుపోగా మిగిలినవి ఒక పెనం, తరిగిన ఉల్లిపాయల గిన్నె. గిన్నె మీద కడిగి ఆరేసిన తెల్లటి గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డను చూడగానే ముద్దక్కకు ప్రాణం ఉసూరుమంది.

"ఇంకేం పట్టుకుపోదామని వచ్చావమ్మా? పెనం ఉంది, తీసుకెళ్ళు," అంది ముసలామె.

"నేను పంపలేదు పిన్నీ వాళ్ళని."

"నువ్వు పంపలేదు, వాళ్ళు పంపలేదు. లారీ తనంతట తనే దారి కనుక్కుంటూ వచ్చిందా?"

ముద్దక్క పక్కనున్న అరుగు మీద కూర్చోబోయింది. ముసలామె కూర్చోమని అనలేదు.

"నిన్న మీరు పోయాక రిక్షావాళ్ళంతా తిన్నారు. బట్టలకొట్టు పనివాళ్ళు తిన్నారు. మిగిలింది నేనూ నా కోడలూ తిన్నాం. ఒక్కరికైనా కడుపునొప్పి వచ్చిందేమో వెళ్ళి అడుగు. వాళ్ళదాకా ఎందుకు, నువ్వే తిన్నావు కదా! రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నావు. కడుపు కాలినదానిలా తింటుంటే చూసి పాపం అనుకున్నాను. నీకేమైంది?"

"ఏం కాలేదు."

"మరి ఆ మాట చెప్పడానికి నోట్లో నాలుక లేదా?"

ముసలామె గొంతు తగ్గించింది. "తిని జబ్బుపడ్డామని మీ వాళ్ళెవరైనా సాక్ష్యం చెబితే బండి ఇక తిరిగివ్వరట. విరగ్గొట్టి పాత ఇనుముకి వేసేస్తారట. కొత్తది చేయించే ఓపిక నాకు లేదమ్మాయ్. నా కొడుకు పోయినప్పుడు కూడా మూడోనాటికి ఆ బండి దగ్గర నిలబడ్డాను, అది ఉంది కాబట్టి."

ముద్దక్క హోటలువైపు బయల్దేరింది. ముసలామె అడిగింది తిన్నదాని గురించి. తను తిననిదాని గురించి ఆమెకు తెలియదు. ఎవరికీ తెలియదు.

ఈ పనిలో కొన్నాళ్ళుంటే ఎవరికైనా ఒక విద్య పట్టుబడుతుంది. చెంచా పెదవికి తాకుతుంది, కళ్ళు అరమోడ్పులవుతాయి, "ఆహా" అన్నమాట పైకి వస్తుంది. ముద్ద మాత్రం రుమాల్లోకి పోతుంది. పాతిక రకాల్లో పది అలా పోతేనే మనిషి బతికేది. నిన్న సాయంత్రం బస్సులో కంపెనీవాళ్ళ మీగడ తీపి వడ్డించినప్పుడు ఆమె చేసింది అదే. చెంచా దగ్గరికి తెచ్చుకోగానే ముక్కుకు సన్నటి పులుపు వాసన తగిలింది. అలవాటు చొప్పున చెయ్యి రుమాలు వైపు వెళ్ళిపోయింది. నోరు మాత్రం "ఆహా" అంది. బాగాలేదని చెబుదామన్న ఆలోచన కూడా ఆ క్షణాన రాలేదు, ఎందుకంటే బాగాలేదన్న మాట ఆ బస్సులో ఎప్పుడూ ఎవరూ అనలేదు. పక్క సీట్లో పంతులుగారు, "నువ్వింతగా చెప్పాక తినకుండా ఎలాగమ్మా," అంటూ రెండో గిన్నె అడిగి తీసుకున్నాడు. ఇప్పుడాయన ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు.

హోటలు వెనక బస్సు పక్కన డ్రైవరు ఐసు పెట్టెను సబ్బుపెట్టి తోముతున్నాడు.

"అది కడగడం నేనెప్పుడూ చూళ్ళేదే. ఎవరు కడగమన్నారు?"

డ్రైవరు తలెత్తి అటూ ఇటూ చూశాడు. "అక్కా, నన్నేం అడగకు. నీ ఫోను ఎక్కడుంది?"

"సంచిలో ఉంది. రికార్డు చేస్తున్నాననుకున్నావా తమ్ముడూ?"

"ఇవాళ నా నీడనే నేను నమ్మట్లేదక్కా."

ఆమె సంచి తెరిచి, ఫోను తీసి, ఆపేసి బస్సు మెట్టు మీద పెట్టింది. అప్పుడుగానీ అతను నోరు విప్పలేదు. "మొదటి ఊళ్ళో నింపిన ఐసు, రెండో ఊరు దాటేసరికే నీళ్ళయిపోయింది. కొత్తది కొంటానని హెడ్డాఫీసుకు ఫోను చేశాను. వానాకాలంలో ఐసేంటి, దండగ అన్నారు. ఆ తీపి ఎవరింట్లో చేయిస్తారో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

తెలుసు. మేనేజరు బావమరిది వంటింట్లో. ఒకే తీపి అన్ని ఊళ్ళకూ బస్సులోనే వెళుతుంది. ఊరు మారినప్పుడల్లా గిన్నె మారుతుంది, కథ మారుతుంది. మొదటి ఊళ్ళో అది బాలింత రాణికి చేసిపెట్టిన తీపి. రెండో ఊళ్ళో పడవవాళ్ళ పెళ్ళి తీపి. నిన్నటికి నేతపనివాళ్ళ తీపి అయింది. మూడు కథలూ చెప్పిన నోరు తనదే. ఇన్నాళ్ళూ పొట్టకూటి అబద్ధాలు ఎవరికీ హాని చెయ్యవనుకుంది.

"ఇంకా డబ్బా మిగిలిందా?"

"హోటలు ఫ్రిజ్‌లో పెట్టించారు. రేపటి ఊరికి," అన్నాడు డ్రైవరు. "అక్కా, ఇది నా నోట వచ్చిందని మాత్రం అనకు. నాకిద్దరు పిల్లలు."

మధ్యాహ్నం ఫుడ్ ఇన్‌స్పెక్టరు వచ్చి హాలు మధ్య బల్ల దగ్గర కూర్చున్నాడు. ఊరంతా తిరిగి తిరిగి విసిగిపోయిన మనిషి. తొందరగా రాసుకుని పోదామన్నట్టున్నాడు. అతిథులు చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. మేనేజరు ముద్దక్కను ముందుకు తెచ్చి, "మా అమ్మాయి. అందరికన్నా ముందు తినేది ఈమే" అని ఇంట్లో పిల్లను చూపించినట్టు చూపించాడు.

"బండి దగ్గర తిన్నావా?" అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"తిన్నానండీ."

"తర్వాత ఏమైంది?"

ఆమె నోరు తెరిచేలోగా కళ్ళజోడావిడ అడ్డం వచ్చింది. "సాయంత్రం తీపి కూడా తిన్నాం కదా. దాని సంగతి ఎవరూ ఎత్తరేం?"

మేనేజరు ముఖం ఒక్క క్షణం వాడిపోయి మళ్ళీ వికసించింది. "అడగాల్సిన మాటే అడిగారమ్మా. అది మా సొంత తయారీ. మా అమ్మాయి నిన్నా తింది, ఇప్పుడూ తింటుంది. మీ కళ్ళతో మీరే చూడండి." వంటింటివైపు చిటికె వేశాడు. గిన్నెలో మీగడ తీపి వచ్చింది. ఫ్రిజ్‌లోంచి తీసింది కాబట్టి చల్లగా, ముచ్చటగా ఉంది. మేనేజరు చెంచా తనే అందించాడు. "ఊఁ, తినమ్మా."

ముద్దక్క చెంచా పట్టుకుంది. రుమాలు ఎడమచేతిలోనే ఉంది. పెదవికి తాకించి, కళ్ళు అరమోడ్చి, ఒక్క "ఆహా" అంటే చాలు. కూలి చేతికొస్తుంది, కూతురి బడి ఆగదు, ఈ ఊరి బండి గురించి వచ్చే ఊళ్ళో ఎవరికీ గుర్తుండదు. ఎంత తేలికైన పనో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చెయ్యి లేచింది కూడా. పులుపు వాసన నిన్నటికంటే కొంచెం ఎక్కువగా తగిలింది.

ఆమె చెంచా దించేసింది.

"నేను నిన్న ఇది తినలేదండీ," అంది.

ఎడమచేతిలోని రుమాలు పైకెత్తి చూపించింది.

"తిన్నట్టు నటించాను. రుమాల్లో పెట్టుకున్నాను. బండి దగ్గర మాత్రం నిజంగా తిన్నాను, రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. నాకు వాంతులు కాలేదు, ఏమీ కాలేదు. దీని వాసన తేడాగా ఉందని నిన్ననే తెలిసింది. చెప్పలేదు. పంతులుగారు నా మాట నమ్మి తిన్నారు."

"ఓసి నీ దుంప తెగ!" కళ్ళజోడావిడ కుర్చీలోంచి లేచింది. "నిన్ను చూసేగా మేమంతా తిన్నది! నీకు మనసెలా ఒప్పింది?"

ముద్దక్క ఆ తిట్టు తనకు రావలసిందేనని తల వంచుకుని తీసుకుంది.

"ఒంట్లో బాగాలేక ఏదో మాట్లాడుతోంది సార్," అన్నాడు మేనేజరు ఇన్‌స్పెక్టరుతో. తర్వాత ఆమె వైపు వంగి, పళ్ళ బిగువున, "తిను. తినకపోతే ఇవాళే ఆఖరు" అన్నాడు. మెల్లగా అన్నాననుకున్నాడు గానీ ముందు వరసలో అందరికీ వినబడింది.

"తినను సార్."

ఇన్‌స్పెక్టరు కలం పక్కన పెట్టాడు. మొదటిసారి మనిషి మొహంలోకి మెలకువ వచ్చింది. "అయితే ఇది బాగుందో లేదో ఎలా తెలియాలి?"

ముద్దక్క రెండు చేతులతో గిన్నెను బల్ల మీదుగా జరిపింది. జరిపి, చెంచాను బల్ల మీది శుభ్రమైన చేతిగుడ్డతో తుడిచి, మేనేజరు చేతికందేలా పెట్టింది.

"మీరు తినండి సార్."

కుర్చీలు కిర్రుమన్నాయి. అతిథులందరూ ఒకేసారి అతని నోటివైపు తిరిగారు. కళ్ళజోడావిడ బాగా కనబడాలని అద్దాలు సరిచేసుకుంది. మేనేజరు గిన్నెలోకి చూశాడు, తలుపువైపు చూశాడు, మళ్ళీ గిన్నెలోకి చూశాడు.

"నాకు షుగరండీ," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ చూపు మరల్చలేదు.