అమ్మ తిప్పిన ఇంజన్

సూర్యకాంతమ్మ అడ్డుపడబట్టే కారు పూర్తి కాలేదు. గంగాధరరావు ఇంట్లో ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతి. ఆయన భార్య పోయి నాలుగు నెలలైంది. అయినా కారు కొనడానికి ఆనందపురం నుంచి వచ్చిన దేవీప్రసాద్‌కి ఆయన మొదట చెప్పింది అదే. ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసినవాడు, బాగుచేసుకుందామని ముచ్చటపడి కొన్న పాత ఫియట్‌ని పదకొండేళ్లుగా సగంలో వదిలేశాడంటే, పని మొదలెట్టిన ప్రతిసారీ ఆడమనిషి ఏదో ఒక గొడవ తెచ్చిపెట్టిందట.

టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి కూతురు కామేశ్వరి వింటోంది. అమ్మ తెచ్చిపెట్టిన గొడవలు ఆమెకి తెలుసు. నాన్నమ్మ మంచాన పడటం, తన కాన్పు, వానకి స్లాబు కారడం. అన్నీ మోసింది అమ్మే. ఎప్పుడైనా బానెట్ మీద చెయ్యి వేస్తే, నాన్న చేత "ముట్టకు, నీకేటి తెలుసు" అనిపించుకుని, నవ్వి ఊరుకుందీ అమ్మే.

దేవీప్రసాద్ ముందు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పాడు. ఇంజన్ మెత్తగా కదిలింది. అతను తలెత్తి చూశాడు. పెదగంట్యాడలో ఈ ఉప్పుగాలికి ఇంజన్ తుప్పుతో ఏనాడో పట్టేసుండాలన్నాడు.

"ఇన్నేళ్లూ ఎవరు సూసుకున్నారండీ?"

"నానే," అన్నాడు గంగాధరరావు.

నిన్న ఆఫీసులో, కామేశ్వరి వారం రోజులు కూర్చుని తయారుచేసిన రిపోర్టు మీద సూపర్‌వైజరు తన పేరు వేసుకున్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఎవరి దగ్గర నేర్చుకుందో ఇప్పుడు తెలిసింది. గ్లాసులు కింద పెట్టింది.

"అమ్మ తిప్పేది నాన్నా. పెతీ శనివారం నువ్వు డూటీకెల్లాక. రిటైరయ్యాక, నువ్వు రైతుబజారుకెల్లినప్పుడు. ప్లగ్గులిప్పి, సుక్క నూనేసి, అర సుట్టు తిప్పేది."

ఆయన బానెట్ మీద చెయ్యి వేశాడు.

"నాకు సెప్పలేదేటి?"

"సెప్తే ముట్టొద్దంటావు కదా. 'నీకెందుకే అమ్మా ఈ సాకిరీ' అని అమ్మనడిగాను. 'మీ నాన్నకి ఎప్పుడో తీరికవుద్ది, అప్పుడు ఇంజను పట్టేసుంటే మనసు కష్టపెట్టుకుంటాడు' అంది."

గంగాధరరావు హ్యాండిల్ అందుకున్నాడు. ఒక్కసారి, అర చుట్టు తిప్పి, దేవీప్రసాద్ చేతికిచ్చాడు. బేరమాడలేదు. అతను కారుని లారీ ఎక్కించుకుని వెళ్లాక, చల్లారిన టీ తాగి గ్లాసు తనే కడిగి బోర్లించాడు.

కామేశ్వరి ఏదో అనబోయింది.

"ఆ కారు మాట ఇంక నా కాడ ఎత్తకమ్మా," అన్నాడు. "నానూ ఎత్తను."