రెండిళ్ల పుస్తకం

మా అమ్మాయి కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. పగలంతా జనం చూపు సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి తన చూపు పాడుచేసుకుంటుంది. మా దీవి చరిత్ర గురించి ఎవరు ఎప్పుడు ఏం రాసినా అది దానికి కావాలి. రేవు కట్టిన వైనం, మునిగిన ఓడల కథలు, ఎప్పుడో మూతపడిన బడి సంచికలు, అట్టలు ఊడినవి, పురుగు తిన్నవి. మంచం కింద, బీరువా మీద, చివరికి బియ్యం డబ్బా వెనక కూడా అవే. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంటుందని నా భయం. బరువుకు అటక కూలుతుందని భయం. పోయినవాళ్ల ఇళ్లనుంచి వచ్చిన కాగితాలతో ఏ రోగం వస్తుందోనని ఇంకో భయం.

"ఒకరోజు భయపడడానికి ఏమీ దొరక్కపోతే మీ అమ్మ దానికీ భయపడుతుంది" అంటారు మా ఆయన. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మేలు దాకా వెళ్లే తీరిక నాకు దొరకలేదు, అంతే.

ఆమధ్య పాత పుస్తకాలమ్మే ఆయన దానికి సగం పుస్తకం అమ్మాడు. ఆయన నోరు తెరిస్తే చెదల సంగతే కనక మేము చెదల బాబాయి అంటాం. మాటవరసకు సగం కాదు, నిజంగానే సగం. దీవి చరిత్ర మొత్తం రాసిన పాత పుస్తకాన్ని ఎవరో కత్తితో మధ్యకు కోశారు.

"ఇంకో ప్రతి నా కంటపడలేదమ్మా" అన్నాడు చెదల బాబాయి. "అన్నదమ్ములిద్దరు ఆస్తి పంచుకుంటూ దీని దగ్గర పంతానికి పోయి చెరిసగం కోసుకున్నారట. ఇది తమ్ముడి వాటా. అన్న మనవడు పాత లైట్‌హౌస్ దగ్గరుంటాడు. రెండో సగం ఆయన దగ్గరే. అమ్మడు, చూపించడు."

ఆ రోజు నుంచి మా అమ్మాయికి నిలకడ లేదు. నాకూ లేకుండా పోయింది. ఎందుకంటే మా సగం చివరి పేజీ అది పైకి చదివింది. తుపాను రాత్రి సముద్రం వీధుల్లోకి వస్తే జనం పిల్లాపాపలతో గట్టు మీదికి ఎక్కారు. బడిపంతులు లాంతరు ఎత్తి తలలు లెక్కపెట్టాడు. ఇద్దరు పిల్లలు తగ్గారు. "పంతులు లాంతరుతో" అన్నచోట మా సగం అయిపోయింది.

"అయిపోవడమేంటే? ఆ పిల్లలేమయ్యారు?"

"అందుకే కదమ్మా ఆయన దగ్గరికి వెళ్తానంటున్నాను."

ముక్కూ మొహం తెలియని మనిషి ఇంటికి ఆడపిల్లను ఒంటరిగా పంపుతానా? బిస్కెట్ల రేకు డబ్బాలో పుస్తకం పెట్టి, డబ్బాను ఒళ్లో పెట్టుకుని బస్సులో దారి పొడుగునా కిటికీలోంచి మబ్బులు చూస్తూ కూర్చున్నాను.

లైట్‌హౌస్‌లో దీపం చూసే పని చేసి మానేసిన మనిషాయన. భుజాన తువ్వాలు, ముక్కు మీద వంకర కళ్లద్దాలు. కుర్చీ చూపించాడు గాని మొహంలో నవ్వు లేదు.

"ముందు ఆ ఫోన్ సంచీలో పడెయ్ అమ్మాయ్. ఫోటో ఊరంతా తిరిగాక పుస్తకం ఎవడిక్కావాలి? ఇక నీ సగం నాకిచ్చెయ్. మా చిన్నతాతది. ఇంటిది ఇంటికి చేరాలి."

"కోసుకున్నప్పుడు గుర్తురాని ఇల్లు ఇప్పుడు గుర్తొచ్చిందా తాతగారూ? మీదే నాకివ్వండి. నా దగ్గర దీవి పుస్తకాలన్నీ ఉన్నాయి, వాటి మధ్య ఉంటుంది."

"చూడు, నీ వయసుకన్నా నా పంతం వయసెక్కువ."

"మీ తాతల పంతం ఇంకా ఎక్కువ. ఏం మిగిలిందో చూశాంగా."

ఈయనకు కోపమొచ్చి డబ్బా లాక్కుంటే మేమేం చేయగలం? డబ్బాను ఇంకా దగ్గరకు లాక్కుని, నోరు ఊరుకోక అడిగేశాను.

"బాబాయిగారూ, ఆ పిల్లలు దొరికారా?"

"ఏ పిల్లలు?"

"గట్టు మీద తగ్గిన పిల్లలు."

ఆయన ముందుకు వంగాడు. "మా సగం 'దిగి నీళ్లలోకి నడిచాడు' అని మొదలవుతుంది. తెల్లారుతుండగా రెండు భుజాల మీద బరువుతో తిరిగొచ్చాడని ఉంది. ఎవరు దిగారో, ఎందుకు దిగారో నాకు చిన్నప్పటినుంచీ తెలీదు. ఊరు మునిగినప్పుడు ఇళ్లు దోచుకున్న దొంగనుకున్నాను."

మా అమ్మాయి బల్ల కింద నా కాలు తొక్కింది. బేరానికి మా చేతిలో ఉన్నదల్లా ఆ కథేనని నాకు తెలుసు. అయినా ఒక మంచి మనిషిని ఇంకొకరు దొంగ అనుకుంటూ ఉంటే ఎలా ఊరుకుంటాను? గట్టు, లాంతరు, పంతులు, లెక్క తప్పిన తలలు, అన్నీ చెప్పేశాను. పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"దొంగ కాదన్నమాట" అన్నాడు.

"తెచ్చింది ప్రాణాలతోనేనా?" అని అడిగాను.

"అది రాయలేదమ్మా. ఆ వెంటనే రేవు మరమ్మతుల సంగతి ఎత్తుకున్నాడు పుస్తకం రాసిన మహానుభావుడు. చివర్లో తుపాను చూసినవాళ్లు చెప్పిన మాటలున్నాయట. ఆ కాగితాలు తేమకు అతుక్కుపోయాయి. విప్పే ధైర్యం నాకు లేదు."

"నేను విప్పుతాను" అంది మా అమ్మాయి. "నాకివ్వండి, ఇంటికి తీసుకెళ్లి..."

"గడప దాటనివ్వను."

మళ్లీ మొదటికొచ్చింది. నువ్వివ్వంటే నువ్వివ్వు. నాకు ఒళ్లు మండింది.

"ఎవరూ ఇవ్వొద్దు" అన్నాను. "రెండు సగాలూ ఒకే ఇంట్లో పెడితే ఒక్క నిప్పురవ్వ చాలు. కప్పు కారినా చాలు. చెదలు పట్టినా, మా అటక కూలినా, మీ ఇంటిమీదికి సముద్రం వచ్చినా అంతే సంగతులు. విడిగా ఉంటే ఒకటన్నా మిగులుతుంది. ఇది పట్టుకుని మేమే వస్తాం. ఎదురుబదురుగా కూర్చుని ఒకరి సగం చూసి ఇంకొకరు రాసుకోండి. అప్పుడు రెండిళ్లలోనూ మొత్తం ఉంటుంది."

పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "మీ అమ్మ ఎప్పుడూ ఇంతేనా?"

"ఇవాళ కాస్త నయం" అంది మా అమ్మాయి.

"లైట్‌హౌస్‌లో పెట్టాల్సిన మనిషి. ఒక్క ఓడ మునిగేది కాదు" అన్నాడు. అప్పుడు తన సగం దాచిన పెట్టె తాళం తీశాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్తున్నాం. ముందుగా మా అమ్మాయి ఆయన కళ్లద్దాల వంకర సరిచేసింది. ఆయన మా సగం చూసి రాసుకుంటాడు. మా అమ్మాయి తన దుకాణంలోని సన్నటి పనిముట్టుతో, ఊపిరి బిగబట్టి అతుక్కున్న కాగితాలు విప్పుతుంది. వచ్చింది చదివి చెబితే నేను రాస్తాను. నా చదువు అంతంతమాత్రమే అయినా అక్షరం గుండ్రంగా ఉంటుంది.

మొన్న ఒక కాగితం విడింది. ఎవరో ముసలావిడ చెప్పిన మాటలు. "నాకప్పుడు ఆరేళ్లు. పంతులుగారి మెడ వదల్లేదు. ఆయన రెండో భుజం మీద మా తమ్ముడు" అని ఉంది. అక్కడితో పేజీ అయిపోయింది. తర్వాతి కాగితం అట్టలా బిగుసుకుని ఉంది.

"లాగవే" అన్నాను.

మా అమ్మాయి నావంక వింతగా చూసింది. "చిరుగుతుందమ్మా."

"అవునవును, వద్దు. ఆ మూల కొంచెం లేచినట్టు లేదూ? వద్దులే. పోనీ వెలుతురుకు పట్టి చూడకూడదూ?"

పెద్దాయన కలం మూత పెడుతూ అన్నాడు. "వచ్చే ఆదివారం దాకా ఆ పిల్లాడికేం కాదమ్మా."

"మీకెలా తెలుసు?" అన్నాను.