గుంటలో మిగిలిన తురుము

ఆ ఫిబ్రవరిలో విండ్సర్‌లో మంచు తెరిపి లేకుండా కురిసింది. మా కార్ఖానాలో హెలికాప్టర్ గేరుపెట్టెల పని అప్పుడే మొదలైంది. మెగ్నీషియం పోత. ఎత్తి చూస్తే అంత పెద్ద దిమ్మ ఇంత తేలికా అనిపిస్తుంది. కానీ దాన్ని చెక్కినప్పుడు రాలే తురుముకు నిప్పంటుకుంటే కళ్లు పోయేంత తెల్లగా మండుతుంది. నీళ్లు పోస్తే ఆరదు సరికదా, పేలుతుంది. అందుకే దాన్ని పొడిగానే చెక్కాలి. ఆ వారం మేమంతా మామూలుకన్నా తక్కువ మాట్లాడుకున్నాం.

ఎంత వేగంతో, ఎంత లోతున చెక్కాలో తేల్చింది మారియెట్. లోహాన్నీ దాన్ని చెక్కే కట్టర్‌నీ కంప్యూటర్‌లోనే బొమ్మగా తయారుచేసి, చెక్కేటప్పుడు ఎక్కడ ఎంత వేడి పుడుతుందో ముందే చూపించడం ఆమె పని. ఆమె సరేనన్నాక కట్టర్ విరిగిన సందర్భం నాకు గుర్తులేదు. మెషీన్ నడిపేవాడు డార్సీ, ఆమె చెల్లెలు కొలెట్ భర్త. నాది పక్క మెషీన్.

ఆ పొద్దున డార్సీ కావాలనే గట్టిగా అడిగాడు.

"వదినా, నా కనుబొమ్మలు కాలిపోవుగా? మీ చెల్లెలు అసలే నా మొహం చూడ్డం మానేసింది."

"కాలితే కొంచెం కళ వస్తుందిలే. భయపడకు, నడుపు. అంటుకునేంత వేడిలో సగం కూడా రాదు."

అందరం నవ్వాం. ఆమె పెరటికి అవతల ఉన్న తన గదికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం యజమాని గార్నెట్ ఆ గదికి వెళ్లాడు. కొనేవాళ్లకు చూపించడానికి తెరమీది బొమ్మ కావాలన్నాడు. మారియెట్ ఆడించింది. కట్టర్ తిరుగుతోంది, ముందు తురుము చుట్టలు చుట్టుకుంటూ లేస్తోంది, అంతలోనే మాయమవుతోంది.

"అదేంటి, ఆ తురుమంతా ఎటు పోయింది?" అన్నాడు గార్నెట్.

"నేనే చెరిపేస్తున్నానండీ. కట్టర్‌ని వదిలాక దాంతో మనకు పనేముంది? ఉంచితే లెక్క తేలడానికి నెల పడుతుంది."

ఆ మాట అంటుండగానే తన పొరపాటు తట్టిందని తర్వాత మాతో చెప్పింది. చదునుగా ఉన్నచోట తురుము ఎగిరి దూరంగా పడుతుంది. కానీ ఆ పెట్టె అడుగున సన్నటి, లోతైన గుంట ఒకటుంది. అందులో రాలింది బయటికి రాదు. కట్టర్ దాన్నే మళ్లీ మళ్లీ నలిపి రజను చేస్తుంది. ఆ రజనుకు నిప్పంటుకోవడానికి ఆమె లెక్కలో తేలిన ఆ సగం వేడే చాలు. తెరమీద గుంట శుభ్రంగా, వేడి లేనట్టు నీలంగా ఉంది, ఎందుకంటే ఆమె అందులో ఏమీ మిగల్చలేదు.

ఫోన్ చేసింది. మెషీన్ల హోరుకు చెవులకు డిప్పలు పెట్టుకున్న మాకెవరికి వినబడుతుంది? కోటు కూడా తొడుక్కోకుండా పరిగెత్తింది. పెరట్లో జారి పడి, లేచి, మళ్లీ పరిగెత్తింది.

నేను తలెత్తేసరికి గుమ్మంలో ఉంది. జుట్టు నిండా మంచు, మోకాలి దగ్గర నెత్తురు. నోరు కదులుతోంది, మాట వినబడలేదు. చెవి డిప్పలు పీకేశాను.

"గుంటలోకి దించొద్దు! డార్సీని ఆపండి!"

కట్టర్ అప్పటికే దిగిపోయింది. మెషీన్ తలుపు అద్దం వెనక, గుంట అడుగున, నారింజరంగు చుక్క ఒకటి మెరిసింది. డార్సీ చెయ్యి ఎర్ర బటన్ మీదికి వెళ్లింది.

"అది నొక్కకు! కట్టర్ ఆ కుప్పలోనే ఉండిపోయి, తిరగడం ఆగేదాకా రాసుకుంటుంది. పైకి లాగు, పైకి!"

ఏ ప్రమాదానికైనా ఆ బటనే నొక్కాలని నేర్చుకున్నవాడు. చెయ్యి గాల్లోనే ఆపేశాడు. ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, కట్టర్‌ని పైకి లాగాడు.

అది బయటికొచ్చిందో లేదో, కింద భగ్గుమంది. అద్దమంతా తెలుపు. కళ్లు గట్టిగా మూసుకున్నా తెలుపే కనిపించింది. మిగతావాళ్లు వెనక తలుపు వైపు పారిపోతున్న చప్పుడు. నాకు అప్పుడు పైకప్పు గుర్తొచ్చింది. అక్కడ నీటి గొట్టాలున్నాయి. మంట వేడి తగిలితే వాటంతటవే నీళ్లు చిమ్ముతాయి. సరిగ్గా మా తలల మీద ఒకటి ఉంది. దాన్నే చూస్తూ నిలబడిపోయాను.

"ఇసుక!" అని డార్సీ అరిస్తే కదిలాను. పొడి ఇసుక పీపా దొర్లించుకొచ్చాను. అతను మెషీన్ తలుపు జానెడు తెరిచాడు.

"విసరకు! రజను లేస్తే అందరం పోతాం. మెల్లగా పొయ్యి, రొట్టె మీద తేనె పోసినట్టు," అంది మారియెట్. ఆమె గొంతు నాకు కొత్తగా ఉంది.

డార్సీ పార చాపి నెమ్మదిగా పోశాడు. మండుతున్న తునక ఒకటి ఎగిరి అతని చేతి మీద పడింది. గుడ్డ కాలి, చర్మం కాలి, ఆ వాసన నాకు తెలిసింది. అతను మూలుగుతూనే పోశాడు. మధ్యమధ్య నేను పైకి చూస్తూనే ఉన్నాను. వేడికి పగిలి నీళ్లు వదిలే గాజుబుడ్డి, గొట్టం చివర, ఇంకా పగల్లేదు. ఇసుక కింద వెలుగు ఎర్రబడింది, తర్వాత మసకబారింది.

ఆసుపత్రిలో కొలెట్ తన అక్కకు ఎదురుగా కూర్చుంది.

"నడపొచ్చని ఎవరన్నారక్కా?"

"నేనే."

"నువ్వు పరిగెత్తుకొచ్చావట కదా. రాకపోయుంటే?"

కొలెట్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. ఇటు తిరగకుండానే, "మోకాలికి కట్టు కట్టించుకో," అంది.

తర్వాత మారియెట్ తురుమును చెరపకుండా లెక్క మళ్లీ మొదలుపెట్టింది. కంప్యూటర్ వారాల తరబడి నలిగింది. చివరికి తేలిన బొమ్మలో గుంట అడుగంతా వేడికి గుర్తుగా ఎర్రగా ఉంది. కొంచెం కొంచెంగా చెక్కుతూ, పొర పొరకూ గాలితో పీల్చే గొట్టంతో తురుము లాగేయాలని తేల్చింది. గార్నెట్ సరేనన్నాడు.

డార్సీ చెయ్యి ఇంకా మానలేదు గనక ఈసారి నేను నడిపాను. మారియెట్ నా పక్కనే నిలబడింది.

"గదిలోంచి చూడొచ్చుగా? కెమెరా పెట్టారు," అన్నాను.

"వద్దు. నీకేమైనా అయితే నేనూ ఇక్కడే ఉండాలి."

"మంచి ధైర్యం చెప్పావు తల్లీ."

ఆమె నవ్వలేదు. కట్టర్ గుంటలోకి దిగుతుంటే నా చొక్కా చెయ్యి పట్టుకుంది, తనకు తెలియకుండానే. వేళ్లు ఎంత గట్టిగా బిగిశాయంటే సాయంత్రానికి అక్కడ కమిలింది. చప్పుడు మారినప్పుడల్లా ఇద్దరం ఉలిక్కిపడ్డాం. చివరి పొర అయిపోయి కట్టర్ పైకొచ్చాక దీపం వేసి చూశాం. గుంట అడుగు అద్దంలా మెరుస్తోంది, ఒక్క తునక లేదు.

"బాగుంది," అన్నాను.

ఆమె గుంటలోకి అలా చూస్తూనే ఉంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"రెండో దిమ్మ ఎక్కించు," అంది. అక్కణ్ణించి కదల్లేదు.